వినకూడని సలహాలు: కోతకు ముందు, కోత వేళ

సంతలో, చికెన్ సెంటర్లో, కోళ్ల షెడ్డు దగ్గర, డీసీఎం తొట్టి పక్కన అడక్కుండానే దొరికేవి సలహాలు. కొత్తగా దుకాణం పెట్టిన కుర్రాడికి పాత కటింగ్ మాస్టర్ చెబుతాడు. మొదటి బ్యాచ్ అమ్ముతున్న రైతుకు లారీ డ్రైవర్ చెబుతాడు. వాటిలో మంచివీ ఉంటాయి. కానీ జీవాన్ని కోసే పని చుట్టూ తిరిగే మాటల్లో చాలావరకు తప్పులే. ఆ తప్పుల వల్ల జీవం అనవసరంగా బాధపడుతుంది, మాంసం చెడుతుంది, పనివాడి ఒంటికీ గాయాలవుతాయి.

మాంసం మానేయమని చెప్పడానికి ఇది రాయడం లేదు. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. రెండింటిలో కలిపి మూడున్నర కోట్లకు పైనే ఉన్నాయి. ఇంత మందను పెంచి, అమ్మి, తినే వాళ్లం కాబట్టి వాటి ఆఖరి రోజు ఎలా గడుస్తుందో పట్టించుకోవాల్సింది కూడా మనమే. కింద శీర్షికలుగా కొటేషన్లలో ఉన్నవన్నీ పాటించకూడని సలహాలు. ఎందుకు పాటించకూడదో, బదులుగా ఏం చెయ్యాలో వాటి కిందే రాశాను.

"రేపు పోయే జీవానికి ఇవాళ నీళ్లెందుకు?"

అందరి నోటా వినబడేది ఇదే. దీని వెనకాలే ఇంకో సలహా వస్తుంది: "కాటా పెట్టేముందు ఉప్పు నీళ్లు పట్టించు, లైవ్ వెయిట్ పెరుగుతుంది." అంటే దారంతా దాహంతో ఎండబెట్టి, తూకం వేళకు నోరు పెగిల్చి బలవంతంగా పొయ్యడం. అలా పోసేటప్పుడు నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే జీవం అక్కడే ఉక్కిరిబిక్కిరవుతుంది.

హైదరాబాద్‌లో జియాగూడ మార్కెట్‌కి రాత్రంతా లారీలో నిలబడి వచ్చే పొట్టేలు సంగతి తీసుకోండి. కండరాల్లో దాచుకున్న శక్తి నిల్వను గ్లైకోజెన్ అంటారు. భయం, తోపులాట, ఆకలి, గంటల తరబడి పడిపోకుండా నిలదొక్కుకోవడం, ఇవన్నీ దాన్ని ఖర్చుచేస్తాయి. కోత తర్వాత ఆ గ్లైకోజెనే లాక్టిక్ ఆమ్లంగా మారాలి. అప్పుడే మాంసం పీహెచ్ 7 దగ్గర నుంచి 5.5 దగ్గరికి దిగుతుంది, మెత్తబడుతుంది, కాస్త నిలవ ఉంటుంది. నిల్వ అయిపోయిన జీవంలో ఆ ఆమ్లం తయారు కాదు. పీహెచ్ 6 పైనే ఆగిపోతుంది. మాంసం నల్లబడి, గట్టిపడి, చేతికి జిగటగా తగులుతుంది, తొందరగా వాసనొస్తుంది. అది చూసి దుకాణదారు "ముసలి జీవాన్ని అంటగట్టారు" అని రైతును తిడతాడు. నిజానికి వయసుది కాదు తప్పు, ప్రయాణానిది.

2001లో కేంద్రం తెచ్చిన కబేళా నిబంధనలు డాక్టరు పరీక్ష అయ్యాక 24 గంటల విశ్రాంతి ఇవ్వాలంటున్నాయి. నెమరువేసే జీవాలు పోగొట్టుకున్న శక్తిని నెమ్మదిగానే కూడగట్టుకుంటాయి గనక ఆ రోజు చాలా అవసరం. నీడ, తొక్కిసలాట లేనంత చోటు, తొట్టి నిండా నీళ్లు ఉండాలి. కోతకు పన్నెండు గంటల ముందు మేత ఆపండి, నీళ్లు మాత్రం ఆపకండి. బ్రాయిలర్ కోళ్లకైతే ప్రయాణం, వెయిటింగ్ అన్నీ కలుపుకుని మేత లేని సమయం 8 నుంచి 12 గంటలు. అంతకు మించితే పేగు గోడ పల్చబడి, లోపలివి తీసేటప్పుడు చిరిగి, మాంసమంతా పాడవుతుంది. పట్టే క్షణం దాకా కోడికి నీళ్లు అందుతూ ఉండాలి.

మాంసం బాగుంటుందన్నది సగం కారణమే. ఒకవేళ మాంసంలో ఏ తేడా రాకపోయినా నేను ఇదే చెబుతాను. దాహమేసిన ప్రాణికి నీళ్లు పెట్టాలి. అది రేపు పోతుందన్నది నీళ్లు మానడానికి సాకు కాదు.

"తోక మెలిపెట్టు, అదే ఎక్కుతుంది"

డీసీఎం వెనక తలుపు దించి, దాని మీదుగా గొర్రెల్ని ఎక్కిస్తున్న చోట కాసేపు నిలబడి చూడండి. మొదటి గొర్రె ఆ తలుపు పలక అంచు దాకా వస్తుంది, ఆగుతుంది. ముందు కాళ్లు బిగబట్టి తల కిందికి దించుతుంది. పలకకీ తొట్టికీ మధ్య నాలుగు వేళ్ల సందు, అందులోంచి నేల కనబడుతోంది. బయట ఎండ, లోపల చీకటి. పలక మీద పాత పేడ తడిసి జారుతోంది. వెనకున్న మనిషికి ఇవేమీ కనబడవు, మొండికేసిన జంతువే కనబడుతుంది. తోక మెలిపెడతాడు, చెవి పట్టి లాగుతాడు, వీపు మీది తోలు గుప్పిట పట్టి ఎత్తి పడేస్తాడు. తోలు పట్టి ఎత్తిన ప్రతిచోటా లోపల రక్తం గడ్డకట్టి కమిలిపోతుంది. తోలు వలిచాక ఆ ముక్కను కోసి పారెయ్యాల్సిందే.

అమెరికాలో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ టెంపుల్ గ్రాండిన్ జీవితమంతా ఈ సంగతి మీదే పనిచేశారు. ఆమెకు ఆటిజం ఉంది. పశువు వెళ్లే దారిలో తానే వంగి నడిచి, పశువు కంటి ఎత్తు నుంచి ఏం కనబడుతోందో చూసేవారు. వేలాడే గొలుసు, నేల మీది నీటి మెరుపు, కంచె మీద వేసిన చొక్కా, అకస్మాత్తుగా మారే వెలుగు: పశువు ఆగడానికి ఎక్కువసార్లు కారణం ఇలాంటివేనని చూపించారు. పని ఎలా సాగుతోందో లెక్కపెట్టి చూడమన్నారు. నూటికి ఎన్ని పశువులు అరిచాయి, ఎన్ని జారిపడ్డాయి, ఎన్నింటికి కరెంటు కర్ర తగిలించాల్సి వచ్చింది? 1999లో మెక్‌డొనాల్డ్స్ తనకు మాంసం ఇచ్చే కబేళాల్లో ఈ లెక్కల మీద తనిఖీలు మొదలుపెట్టాక చాలాచోట్ల పరిస్థితి మారింది. దానికి పెట్టిన ఖర్చు కూడా పెద్దది కాదు. జారని నేల, సరైన చోట ఒక దీపం, వేలాడేవి తీసెయ్యడం.

మన గొల్ల కురుమలకు ఇందులో సగం ఎప్పటినుంచో తెలుసు. మందకు అలవాటైన ఒక జీవాన్ని ముందు నడిపిస్తే మిగతావి వెంట వస్తాయి. ఒంటరిగా విడదీసిన గొర్రె బెదిరిపోతుంది. ఆ తెలివి లారీ దగ్గరికి వచ్చేసరికి పనికిరాకుండా పోవడమే అన్యాయం. సందు మీద గోనెసంచి పరవండి. పలక మీద గడ్డి చల్లండి. తొట్టి లోపలికి వెలుగు పడేలా బండి పెట్టండి. మాలిమి జీవాన్ని ముందు ఎక్కించండి. అరవకండి.

"చేతికి అయిదారు కోళ్లు పట్టు, తొందరగా లిఫ్టింగ్ అయిపోతుంది"

రెండు కిలోలు దాటిన బ్రాయిలర్ వయసు ఆరు వారాలు. ఒళ్లు పెరిగినంత వేగంగా ఎముక గట్టిపడదు. ఒక్క కాలు పట్టి అయిదారింటిని గుత్తిగా ఊపుతూ తీసుకెళ్తే తుంటి కీలు జారుతుంది, లోపల రక్తం కారుతుంది. రెక్క పట్టి లాగితే విరుగుతుంది. క్రేటులోకి విసిరితే తల ఒక అంచుకూ, రెక్క ఇంకో అంచుకూ తగులుతుంది. రెండు చేతులతో రెక్కల మీదుగా పొదివి పట్టుకోవడం అన్నిటికంటే మేలు. వేల కోళ్లున్న షెడ్డులో అది కుదరదంటే రెండు కాళ్లూ కలిపి, చేతికి రెండు మూడు మించకుండా పట్టండి. దీపాలు తగ్గించి రాత్రిపూట పట్టండి, అవి బెదరవు.

దీనికి తోడుగా ఇంకో మాట: "తలకిందులుగా పడితే గమ్మునుంటుంది." గమ్మునుండేది హాయిగా ఉండి కాదు. మనకున్నట్టు పొట్టకూ ఛాతీకీ మధ్య కండరపు తెర కోడికి లేదు. తల కిందికి వేలాడదీస్తే పేగుల బరువంతా ఊపిరి సంచుల మీద పడుతుంది. మోపెడ్ హ్యాండిల్‌కి రెండు పక్కలా కాళ్లు కట్టి వేలాడదీసిన కోళ్లు దారంతా నోరు తెరిచి ఊపిరి కోసం అవస్థపడుతూనే వస్తాయి. ఒక్క క్రేటు కొంటే ఆ అవస్థ తప్పుతుంది.

ఎండాకాలం సంగతి మరీ ముఖ్యం. కోడికి చెమట పట్టదు, ఒగర్చడమే అది చల్లబడే దారి. బండి నడుస్తున్నంతసేపు గాలి తగులుతుంది. డ్రైవర్ టీ కోసం ఎండలో ఆపిన అరగంటలోనే మధ్య వరస క్రేట్లలో కోళ్లు చచ్చిపోతాయి. మే నెలలో తెల్లవారేలోపు దించేలా బయల్దేరండి. ఆపాల్సి వస్తే నీడలో, గాలి అడ్డంగా పారే చోట ఆపండి. క్రేటుకు పట్టే కోళ్లు కొన్ని తగ్గించండి.

"కత్తి ఎలా ఉన్నా పర్లేదు, చెయ్యి తిరగాలి"

మొద్దు కత్తి కోయదు, రాస్తుంది. నాలుగైదుసార్లు ముందుకూ వెనక్కూ ఆడించిన ప్రతిసారీ నొప్పే. నలిగిన రక్తనాళం చివర ముడుచుకుపోయి రక్తం తొందరగా గడ్డకడుతుంది, స్పృహ పోవడం ఆలస్యమవుతుంది. కత్తి అలుగు మెడ వెడల్పుకి రెండింతలుండాలి. కాగితం అంచును పట్టుకుని గాల్లోనే కోస్తే తెగాలి. మధ్యలో పదును తగ్గితే ఆగి పట్టాలి, ఆ పని జీవం కళ్లెదుట చెయ్యకూడదు. పదునుపట్టే కర్ర పక్కనే లేనివాడు ఆ రోజు పని మొదలుపెట్టకపోవడమే మంచిది. ఇస్లాం కూడా ఇదే అడుగుతుంది: కత్తి బాగా పదునుపెట్టాలి, జీవాన్ని బాధపెట్టకూడదు. ఊళ్లల్లో ఏ మతంవాళ్ల ఇంట్లో వేటను కోసినా ముల్లాసాబును పిలవడం చాలాచోట్ల ఆనవాయితీ. ఆయన చేతికి మంచి కత్తి ఇవ్వాల్సిన బాధ్యత పిలిచినవాళ్లది.

"ఎంత తన్నుకుంటే అంత రక్తం పోతుంది"

ఈ ఒక్క నమ్మకం చేసినంత నష్టం మిగతావన్నీ కలిసినా చెయ్యలేదని నా అభిప్రాయం. దీని పేరు చెప్పే మత్తు ఇవ్వడం వద్దంటారు. దీని పేరు చెప్పే సగం తెగిన మెడతో జీవాన్ని వదిలేస్తారు.

ముప్పై కిలోల పొట్టేలు ఒంట్లో రక్తం దాదాపు రెండు లీటర్లు. సరిగ్గా కోస్తే అందులో దాదాపు సగం బయటికొస్తుంది. మిగతాది ఎక్కువగా గుండె, కాలేయం, ఊపిరితిత్తులు లాంటి లోపలి భాగాల్లోనే ఉండిపోతుంది. ఆ సగాన్ని బయటికి పంపేది మెడ దగ్గర తెగిన పెద్ద నాళాలు, కొంతసేపు గుండె కొట్టుకోవడం, శరీరం వేలాడే తీరు. నొప్పికి అందులో పనేమీ లేదు. భయపడ్డ జీవంలో కండరాలకు రక్తం ఎక్కువగా పారుతుంది, పెనుగులాటలో సన్న నాళాలు చిట్లి మాంసంలో ఎర్రటి చుక్కలు పడతాయి. అంటే ఆ సలహా ఏ లాభం చూపించి చెబుతారో ఆ లాభం కూడా రాదు.

మత్తు అంటే మందు ఇవ్వడం కాదు, కోతకు ముందు క్షణంలో స్పృహ తప్పించడం. గొర్రె, మేకకైతే తలకు రెండు పక్కలా ఎలక్ట్రోడ్లు పెట్టి కనీసం ఒక ఆంపియర్ కరెంటు మెదడు గుండా పంపిస్తారు. మూర్ఛ వచ్చినట్టు స్పృహ పోతుంది. ఆ కొద్ది సెకన్లలోనే కోత అయిపోవాలి. తలకు మాత్రమే ఇస్తే గుండె ఆగదు, కోయకుండా వదిలేస్తే జీవం తేరుకుని లేస్తుంది కూడా. కోత వేళకు జీవం బతికే ఉంటుంది కాబట్టే న్యూజిలాండ్‌లో హలాల్ మాంసానికి ఈ పద్ధతినే వాడుతున్నారు, అక్కడి నుంచి ముస్లిం దేశాలకు ఎగుమతి అవుతోంది. "హలాల్‌కీ మత్తుకీ పడదు" అని ఒక్క మాటలో కొట్టిపారేసేవాళ్లు ఈ అనుభవాన్ని చూడాలి. ఒప్పుకోని పండితులూ ఉన్నారు, వాళ్ల అభ్యంతరం వాళ్లది. కానీ రక్తం పోదన్న కారణం మాత్రం నిలబడదు. మన ఆహార భద్రతా సంస్థ 2011 నిబంధనల్లోనూ కబేళాల్లో ముందు స్పృహ తప్పించాలనే ఉంది.

మత్తు లేకుండా కోసేచోట కోత ఇంకెంత సరిగ్గా ఉండాలో ఆలోచించండి. మెడ రెండు పక్కలా ఉన్న ధమనులు, సిరలు ఒకే వేటులో తెగాలి. గొర్రె మెదడుకి రక్తం ప్రధానంగా ఆ ధమనుల నుంచే వెళ్తుంది గనక అవి రెండూ పూర్తిగా తెగితే కొద్ది సెకన్లలోనే స్పృహ పోతుంది. పెద్ద పశువుల్లో అలా కాదు. వెన్నుపూసల వెంట మెదడుకి వెళ్లే ఇంకో దారి ఉంది, పైగా తెగిన ధమని చివర్లు ఉబ్బి మూసుకుపోతుంటాయి. అందుకే వాటిలో కొన్నిటికి నిమిషం దాటినా తెలివి ఉంటుంది. వాటికి మత్తు అవసరం మరీ ఎక్కువ.

కోత తర్వాత చూడాల్సింది కాళ్లు కాదు. కాళ్లు కొట్టుకోవడం వెన్నుపాము పని, స్పృహ పోయాక కూడా సాగుతుంది. కంటి గుడ్డును వేలితో మెల్లగా తాకండి, రెప్ప వెయ్యకూడదు. డొక్కలు చూడండి, క్రమంగా ఎగసిపడే ఊపిరి ఉండకూడదు. మెడ ఎత్తే ప్రయత్నం ఉండకూడదు. ఈ మూడూ ఆగేదాకా కాలు విరవడం, తోలు చీల్చడం, తల వేరుచెయ్యడం ఏదీ మొదలుపెట్టొద్దు.

"కోసి డ్రమ్ములో వేసెయ్, అదే చూసుకుంటుంది"

వీధి చివర చికెన్ సెంటర్లో ఆదివారం ఉదయం. క్రేటు మూత తీసి ఒక కోడిని రెక్కలు పట్టి లాగుతారు. రెండు రెక్కల్నీ వెనక ఒకదాన్లో ఒకటి మెలేసి కాటా మీద పెడతారు, కదలకుండా ఉండాలని. తూకం అయ్యాక మెడ మీద ఒక్క గాటు, వెంటనే నీలం ప్లాస్టిక్ డ్రమ్ములోకి. లోపల అప్పటికే రెండు మూడు ఉంటాయి, ఒకదాని మీద ఒకటి. రెక్కలు డ్రమ్ము గోడకి కొట్టుకునే చప్పుడు లైన్లో నిలబడ్డ అందరికీ వినబడుతుంది. అది ఆగకముందే తీసి వేన్నీళ్లలో ముంచుతారు, ఈకలు పీకే మిషన్లో వేస్తారు. వెనక జనం తొందరపెడుతున్నారు మరి.

ఇందులో ప్రతి మెట్టూ మార్చొచ్చు. రెక్కలు మెలెయ్యక్కర్లేదు, గిన్నె కాటాలో పెట్టి పైన మూత వేస్తే చాలు. డ్రమ్ము బదులు గోడకు బిగించిన రేకు గరాటా పెట్టండి. కోడి అందులో తల కిందికే ఉంటుంది గానీ ఒంటి బరువును గరాటా మోస్తుంది, రెక్కలు విప్పే వీలుండదు గనక కొట్టుకుని విరగవు, ఉండేది కూడా ఒకటి రెండు నిమిషాలే. తల బయటికి వస్తుంది కాబట్టి రెండు పక్కలా ధమనులు తెగాయో లేదో కంటికి కనబడుతుంది. ఒక్క పక్క సిర మాత్రమే తెగిన కోడి చాలాసేపు తెలివితోనే ఉంటుంది. కోతకీ వేన్నీళ్లకీ మధ్య కనీసం 90 సెకన్లు ఆగాలి, రెండు నిమిషాలైతే మంచిది. ఊపిరి ఆగని కోడిని వేన్నీళ్లలో ముంచడమంటే బతికుండగా ఉడికించడమే. దీనికి ఏ రద్దీ సమాధానం కాదు. నాలుగు గరాటాలు వరసగా పెట్టుకుంటే రద్దీలోనూ పని ఆగదు.

"ఒకటి పోవడం చూస్తే రెండోది లొంగుతుంది"

లొంగదు. రక్తం, తోటి జీవం అరుపు, పెనుగులాట చూసిన జంతువు ఇంకా బెదురుతుంది. ఒక జీవం కళ్లెదుట ఇంకోదాన్ని కోయకూడదని 2001 నిబంధనలు సూటిగా చెబుతున్నాయి. ఒక గోనె పరదా కట్టండి చాలు.

"కుంటిదాన్ని, చూడిదాన్ని ముందు తోలెయ్, నష్టం తగ్గుతుంది"

చూడి జీవాన్ని, మూడు నెలలలోపు పిల్ల ఉన్న తల్లిని, మూడు నెలలు నిండని పిల్లను కోయడం అవే నిబంధనల ప్రకారం నిషేధం. పశువైద్యుడి సర్టిఫికెట్ లేనిదాన్నీ కోయకూడదు. ఒక డాక్టరు గంటకు 12, రోజుకు 96 జీవాలకు మించి పరీక్షించకూడదని కూడా ఉంది. అంటే చూడకుండా ముద్ర వెయ్యడం కుదరదు. నడవలేని జీవాన్ని లారీ ఎక్కించొద్దు. పడిపోయినదాన్ని మిగతావి తొక్కుతాయి, అది దిగేది శవంగానే. వైద్యుణ్ణి జీవం ఉన్న చోటికే పిలవండి.

"చిన్నప్పుడే అలవాటు చెయ్యాలి"

కబేళాలో ఏ పనికీ 18 ఏళ్లలోపు వాళ్లను పెట్టకూడదు. కోసే పనికి లైసెన్సు ఉన్నవాడే ఉండాలి. పదేళ్ల పిల్లాడికి కత్తిచ్చి కోళ్లు కోయిస్తే వాడు ముందు నేర్చుకునేది ఆ డ్రమ్ము చప్పుడు పట్టించుకోకపోవడమే. పని నేర్చుకోవాలనుకునే పెద్దవాళ్లకు హైదరాబాద్ దగ్గర చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది, శిక్షణ ఇస్తుంది.

"కేసు పెడితే ఏముంది, యాభై కట్టి బయటపడొచ్చు"

ఇది సలహాగా తప్పే గానీ సమాచారంగా నిజం, అదే బాధ. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో మొదటి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఆరు దశాబ్దాలు దాటినా ఆ అంకెను పెంచలేదు. తిండి కోసం చంపడాన్ని ఆ చట్టం నేరమనదు, అనవసరమైన నొప్పి పెట్టనంతవరకే ఆ మినహాయింపు. ఆ షరతును పట్టించుకునే అధికారి మన జిల్లాల్లో అరుదు. జరిమానా పెంచాలి, మున్సిపాలిటీలు చికెన్ సెంటర్ల లైసెన్సుకు గరాటాలు, క్రేట్లు, నీళ్ల ఏర్పాటు తప్పనిసరి చెయ్యాలి. అది జరిగేదాకా యాభై రూపాయల్ని చూసి ధైర్యపడేవాణ్ణి ఆపగలిగేది అతని గిరాకీలే.

"కొనేవాళ్లకెందుకు ఈ గొడవ? కిలో ఎంతో అడిగితే చాలు"

చాలదు. దుకాణదారు ఎవరి మాట వినకపోయినా వారం వారం రెండు కిలోలు కొనే ఇంటివాళ్ల మాట వింటాడు. ఈ ఆదివారం డ్రమ్ము ఉన్న దుకాణం ముందు నిలబడితే, "అన్నా, గరాటా పెట్టించు, కోసాక రెండు నిమిషాలు ఆగు, నాకేం తొందర లేదు" అనండి. పెట్టించకపోతే వచ్చే వారం ఇంకోసారి అడగండి. మటన్ దుకాణంలో జీవాన్ని ఎప్పుడు తెచ్చారో, రాత్రి నీళ్లు పెట్టారో లేదో అడగండి. పెళ్లికో ఫంక్షన్‌కో పొట్టేళ్లు ఆర్డర్ ఇచ్చేవాళ్లు ఒకరోజు ముందే తెప్పించి, నీడలో కట్టించి, ఎదురుగా తొట్టిలో నీళ్లు పోయించండి. కోసే చోట పరదా కట్టించండి. కత్తిని కాగితం మీద పరీక్షించమని అడగడానికి మొహమాటపడకండి.